ఆయమ్మ బిడ్డను చూచునదెవరు?

నెలాఖరు లెక్క గృహిణులకు క్రొత్త గాదు. బియ్యము, పాలు, ఇంటి యద్దె వ్రాసిన పిమ్మట, రెండేండ్ల క్రిందట మా పుస్తకములో మఱియొక పద్దు చేరినది. అది బిడ్డను చూచుటకైన వ్యయము. సోదరీమణులారా, ఆ పద్దు మాకు నేర్పిన పాఠమును మీకు విన్నవింపదలచితిమి.

మా కాపురము గాజువాకలో. మావారు ఉక్కు కర్మాగారములో షిఫ్టుల పని చేయుదురు. మేము విశాఖపట్టణపు రేవునకు సమీపమున నొక చిన్న కార్యాలయములో లెక్కలు వ్రాయుదుము. 1933లో రేవు తెరచిన నాటినుండియు, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మటను, పని వెదకికొనుచు ఎన్నో కుటుంబములు ఈ పట్టణమునకు వచ్చినవి. వచ్చినవారు పెట్టెబేడలు తెచ్చుకొనిరి గాని, బిడ్డ నెత్తుకొను అత్తగారిని, అమ్మమ్మను తెచ్చుకొనలేకపోయిరి. మా అత్తగారు శ్రీకాకుళము వైపు పల్లెలో పాడిని, పొలమును విడిచి రాలేరు. వచ్చినను మా అద్దె యింట చోటు లేదు.

ఇరువదియాఱు వారముల ప్రసూతి సెలవు ముగియునప్పటికి మా బిడ్డకు అయిదవ నెల. డేకేరులు చూడబోతిమి. ఒకచోట నెలకు తొమ్మిదివేలు, సాయంకాలము ఆఱు దాటినచో వేఱుగా రుసుము. మఱియొకచోట ఏడాది నిండని బిడ్డను చేర్చుకొనమనిరి. మా వీధి చివర అంగన్‌వాడీ కలదు. 1975లో ఆరంభమైన ఆ యేర్పాటు ఎందఱో తల్లులకు, బిడ్డలకు మేలు చేసినది. కాని అచటి ఆటపాటల బడి మూడేండ్లు నిండినవారికి. అదియు మేము పనినుండి వచ్చు వేళవఱకు ఉండదు. తుదకు ఎనిమిదివేలకు ఒక ఆయమ్మను కుదుర్చుకొంటిమి. మా జీతము ఇరువదిరెండువేలు.

"నీ జీతములో మూడవ వంతుకు మించి ఆయమ్మకే పోవుచున్నదే, ఇంట నుండరాదా?" అని బంధువు లడిగిరి. మావారి నెవ్వరును అట్లడుగలేదు. బిడ్డ యిద్దఱిది గదా, వ్యయము తల్లి జీతమునుండియే ఏల తీసివేయవలెను? ఆ రాత్రి మే మిరువురము కూర్చుండి, ఆ పద్దును అద్దె ప్రక్కను, ఇంటి ఖర్చులలో వ్రాసితిమి. న్యాయము జరిగినదని తృప్తి నొందితిమి.

ఆ తృప్తి ఎంతోకాలము నిలువలేదు. ఒక ఉదయము ఆయమ్మ గంట ఆలస్యముగా వచ్చెను. కార్యాలయపు తొందరలో కోపముతో కారణ మడిగితిమి.

"చంటిదానికి జొరమమ్మా. పెద్దదానికి అప్పజెప్పి వచ్చినాను."

"పెద్దది బడికి పోలేదా?"

"మీ ఇంట్లో పనికి కుదిరినప్పుడే మాన్పించీసినానమ్మా. చంటిదాన్ని సూసీవోళ్లెవరు?"

పెద్దదానికి పదునొకండేండ్లు. మాకు నోట మాట రాలేదు. మా బిడ్డకై మేము చెల్లించుచున్నది ఎనిమిదివేలని వ్రాసికొంటిమి. ఒక బాలిక చదువు కూడ అందులో పోవుచున్నదని ఏ పద్దులోను వ్రాయలేదు. ఎనిమిది నెలలు ఆమె మా యింట పనిచేసెను. ఆమె బిడ్డ నెవరు చూచుచున్నారని ఒక్కనాడైనను మే మడుగలేదు.

చట్టము లేకపోలేదు. ఏబదిమందికి తక్కువ గాక పనివారున్న సంస్థ శిశుగృహమును నడుపవలెననియు, తల్లి దినమునకు నాలుగుసార్లు బిడ్డను చూచి రావచ్చుననియు 2017 నాటి ప్రసూతి సవరణచట్టము విధించినది. 2020 నాటి సామాజిక భద్రతాస్మృతియు ఆ నియమమును నిలిపినది. మా కార్యాలయమున పండ్రెండుగురమే. ఇక ఇండ్లలో పనిచేయు ఆయమ్మకు సంస్థయే లేదు. 2022లో వచ్చిన పాల్నా పథకము క్రింద కొన్ని అంగన్‌వాడీలలో ఆఱు నెలల బిడ్డనుండి చూచు శిశుగృహములు ఏర్పడుచున్నవి. మా వీధి కేంద్రమున అట్టిది లేదు.

మఱునెలనుండి ఆయమ్మ తన బిడ్డను మా యింటికే తెచ్చుట కేర్పాటు చేసితిమి. రెండువేలు జీతము పెంచితిమి. పెద్దదానిని మరల బడిలో చేర్పింపుమని కోరితిమి. నిజము చెప్పవలెనన్న, మొదట మాకును సంకోచము కలిగెను: ఇద్దఱు పసివారిని ఒక్కతె చూడగలదా, ఒకరి జలుబు మఱియొకరి కంటదా అని. జలుబు లంటినవి, తగ్గినవి. బిడ్డలకు జ్వరము వచ్చిన దినమున మావారును మేమును వంతులవారీగా సెలవు పెట్టుచున్నాము. పెద్దపిల్ల ఒక యేడు వెనుకబడినను ఆఱవ తరగతి చదువుచున్నది.

రెండువేలతో ఊరి కష్టము తీరదని యెఱుగుదుము. అందుచే మా వీధి స్త్రీలము పదునేడుగురము, అంగన్‌వాడీలో శిశుగృహమును పెట్టవలెనని సంతకములు చేసి అర్జీ యిచ్చితిమి. జవాబు ఇంకను రాలేదు, మరల వ్రాయుదుము.

మీ యింటను ఆయమ్మ యున్నచో, ఆమె బిడ్డ నెవరు చూచుచున్నారో రేపుదయము అడుగుడు. మేము అడుగుటకు ఎనిమిది నెలలు పట్టినది.