వలలో పడ్డ చెత్త

వల లాగితే చేపలతో పాటు క్యారీబ్యాగులు, సీసాలు, తెగిన వలముక్కలు. కేరళలోని కొల్లం జాలర్లు వాటిని ఏరి మళ్లీ సముద్రంలోకే విసిరేసేవారు. తప్పే! కానీ ఒడ్డుకు తెస్తే ఎక్కడ పారబోయాలి?

2017లో దానికి జవాబు దొరికింది. 'శుచిత్వ సాగరం' పేరుతో ప్రభుత్వం బోట్లకు సంచులిచ్చింది. రేవులో ప్లాస్టిక్‌ని ముక్కలు చేసే యంత్రం పెట్టింది. తెచ్చినందుకు జాలరికి పైసా రాదు. అయినా తెచ్చారు, తొలి పది నెలల్లోనే 25 టన్నులు! మత్స్యకార మహిళలు కూలికి కూర్చుని దాన్ని కడిగారు, ఏరారు. ఆ ముక్కలు తారులో కలిసి రోడ్లయ్యాయి.

రోడ్డు అరిగితే ఆ పొడి వానకు మళ్లీ కాలవల్లోకి పోదా అన్న అనుమానం ఉండనే ఉంది. జాలరికి మాత్రం వల దులిపేటప్పుడు పక్కన సంచి ఉంటే చాలు.