రాయవేలూరులో పన్నెండు రోజులు

విశాఖపట్నానికి దక్షిణంగా దాదాపు 900 కిలోమీటర్ల దూరంలో, పాలారు నది ఒడ్డున ఉన్న వేలూరును మన పెద్దలు రాయవేలూరు అని పిలిచేవారు. విజయనగర సామ్రాజ్యపు చివరి దశలో అరవీటి వంశపు రాయలకు అది రాజధానిగా ఉండినది. చిత్తూరుకు సమీపంలో ఉండటం వలన అక్కడి అంగళ్ళలో నేటికీ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. చుట్టూ అగడ్త గల రాతికోట, శిల్పసౌందర్యానికి పేరుపొందిన జలకంఠేశ్వరాలయం చూడదగినవే. అయితే కాట్పాడి జంక్షనులో దిగే పరాయి ప్రాంతాల వారిలో విహారానికి వచ్చేవారు తక్కువ. చాలామంది చేతుల్లో బట్టల పెట్టెతోబాటు ఎక్స్‌రే కవర్లు ఉంటాయి. మేమూ అటువంటి కవర్లతోనే ఆ ఊరు చేరాము.

మా అబ్బాయికి అప్పటికి నాలుగేళ్ళు. తోటి పిల్లలతో పరుగెత్తబోయి తరచు పడిపోయేవాడు. మెట్లెక్కడానికి గోడ పట్టుకొనేవాడు. నేల మీద నుండి లేచేటప్పుడు రెండు చేతులూ తొడల మీద ఆనించి లేవడం చూచి మా టౌన్‌షిప్ వైద్యులు పరీక్ష చేయించారు. కండరాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే సి.పి.కె. అనే ఎంజైము కొంచెం ఎక్కువగా ఉన్నదని తేలింది. ఆ తరువాత మేము కలిసిన ముగ్గురు నిపుణులు మూడు మాటలు చెప్పారు. ఒకరు కండరాల క్షీణత కావచ్చునన్నారు. మరొకరు నరాలను అనుమానించారు. ఇంకొకరు ఎదుగుదల కొద్దిగా ఆలస్యమైనదేమో, కాలమే సరిచేస్తుందన్నారు. బంధువులు “ఏం జబ్బట?” అని అడిగినప్పుడు చెప్పడానికి మాకు ఒక్క పేరూ లేదు. చివరకు సెలవు పెట్టి, రిఫరల్ లేఖ తీసుకొని బయలుదేరాము.

మేము ఎక్కినది ధన్‌బాద్ నుండి అలెప్పీ వెళ్ళే రైలు. మన ప్రాంతంలో దానిని బొకారో ఎక్స్‌ప్రెస్ అనడం అలవాటు. జార్ఖండ్, ఒడిశా రాష్ట్రాల రోగులకు అది ఆసుపత్రి బండి వంటిది. మా పెట్టెలో సగం మంది వేలూరుకే. తెల్లవారేసరికి ఎవరి జబ్బేమిటో, ఎవరిది ఎన్నవ ప్రయాణమో అందరికీ తెలిసిపోయింది. మా వంతు వచ్చినప్పుడు “ఇంకా తేలలేదు” అన్నాము. ఎదుటి సీటులోని వృద్ధుడు ఆ మాటకు ఆశ్చర్యపోలేదు. తేల్చుకొనడానికే గదా అందరం వెళ్తున్నామని తన పళ్ళెంలోని అటుకులు మా వాడికి పెట్టాడు.

గాంధీ రోడ్డు, దాని చుట్టుపట్ల సందులు మరొక ప్రపంచం. తమిళ దేశం నడిబొడ్డున బెంగాలీ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. అన్నం, చేపల పులుసు వడ్డించే బెంగాలీ భోజనశాలలున్నాయి. ఈశాన్య రాష్ట్రాల వారు, బంగ్లాదేశ్ నుండి వచ్చినవారు వారాల తరబడి అక్కడ బస చేస్తారు. రోగికి ఇంటి వంట కావాలి కనుక వండుకొనే వీలున్న గదులు అద్దెకు దొరుకుతాయి. మేమూ అటువంటి గదిలో దిగి, పొద్దున్నే అన్నం, చారు కాచుకొని గిన్నెలో పెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం.

ఆ క్రైస్తవ వైద్య కళాశాల చరిత్ర తెలుసుకొనదగినది. అమెరికాలో వైద్యవిద్య పూర్తిచేసి వచ్చిన ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో వైద్యం ప్రారంభించారు. 1902లో 40 పడకల ఆసుపత్రి ఏర్పడింది. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల వెలసింది. పురుష విద్యార్థులకు 1947లో ప్రవేశం లభించింది. ఆ ఒక్క మంచం చుట్టూ పెరిగిన సంస్థ ముందు నేడు తెల్లవారకముందే జనం బారులు తీరుతారు.

అక్కడ మాకు మొదటి పాఠం నిరీక్షణ. చీటీ తీసుకొనడానికి ఒక వరుస, రక్తం ఇవ్వడానికి ఒక వరుస, ఫలితానికి మరొక రోజు. నరాల, కండరాల విద్యుత్ స్పందనను కొలిచే పరీక్షలో సూది గుచ్చినప్పుడు మా వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మా చెవుల్లో ఉన్నది. ఆ పరీక్షలోనూ నిశ్చయంగా చెప్పదగినదేమీ కనిపించలేదు. మగపిల్లల్లో కనిపించే తీవ్రమైన కండరక్షీణత వ్యాధిని సూచించే జన్యులోపం కోసం వెదికారు. అది కనిపించలేదు. ఆ రాత్రి కొంత నిద్రపట్టింది. మరునాడే వైద్యులు, కండరాలకు సంబంధించిన జన్యువులు ఇంకా ఎన్నో ఉన్నాయని, వాటన్నింటినీ ఒకేసారి చదివే పరీక్షకు రక్తం పంపుదామని చెప్పారు. ఫలితం కొన్ని వారాలకు గాని రాదన్నారు.

పరీక్షలు లేని సాయంకాలాల్లో కోటకు వెళ్ళేవాళ్ళం. 16వ శతాబ్దంలో కట్టిన ఆ కోటలో ఆలయం, మసీదు, చర్చి మూడూ ఉన్నాయి. శ్రీరంగపట్టణం పతనమైన 1799 తరువాత టిప్పు సుల్తాను కుటుంబాన్ని ఇక్కడే ఉంచారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడినది కూడా ఇక్కడే. “రాజు లేని కోట, నీరు లేని ఏరు, దేవుడు లేని గుడి” అని వేలూరును గూర్చి లోకంలో ఒక మాట ఉన్నది. నిజమే, పాలారులో మేము చూచినది ఇసుకే. మూడవ మాట మాత్రం 1981లో చెల్లకుండా పోయింది. ఎంతో కాలంగా మూలవిరాట్టు లేకుండా ఉండిన గర్భగుడిలో ఆ సంవత్సరం శివలింగాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. ఆ జాబితాకు “పేరు లేని జబ్బు” అని మేము మనసులోనే ఇంకొకటి చేర్చుకొన్నాము. మా వాడికి ఇవేమీ పట్టలేదు. ఉడుతల వెంట పడి, పడిపోయి, లేచి, మళ్ళీ వెంటపడేవాడు. “రేపు కూడా సూదేనా, ఉడుతలా?” అని అడిగేవాడు.

మా పక్క గదిలో బొగ్గు గనిలో పనిచేసే ఉద్యోగి, ఆయన భార్య, ఆరేళ్ళ కూతురు ఉండేవారు. మనవంటి ప్రభుత్వరంగ సంస్థ మనిషే. ఆ పాపకు మూర్ఛలు. నాలుగేళ్ళు తిరిగిన తరువాత జబ్బు పేరు తెలిసిందట. ఒకనాడు ఆయన “మాకు పేరు దొరికింది, మందు దొరకలేదు. మీకు పేరు దొరకలేదు గాని మీ వాడు ఉడుతల వెంట పరుగెత్తుతున్నాడు” అన్నాడు. ఆ మాటకు ఏమి బదులు చెప్పాలో మాకు తోచలేదు. ఆ రాత్రి వారి పాపకు కూడా మా గిన్నెలోని చారన్నమే పెట్టాము.

పన్నెండవ రోజున తిరుగు ప్రయాణమైనాము. రెండు నెలల తరువాత ఫలితం వచ్చినదని తెలిసి మళ్ళీ వెళ్ళాము. ఒక జన్యువులో ఒక మార్పు కనిపించిందని, దాని ప్రాముఖ్యం అనిశ్చితమని అందులో ఉన్నది. వైద్యురాలు కాగితం మీద గీతలు గీసి ఓపికగా వివరించారు. 2015 నుండి ప్రపంచమంతటా అనుసరిస్తున్న పద్ధతిలో ఇటువంటి మార్పులను ఐదు తరగతులుగా విభజిస్తారు. ఒక చివర వ్యాధికి తప్పక కారణమయ్యేవి, మరొక చివర హాని లేనివి. నడుమ ఉన్నది అటూ ఇటూ చెప్పలేని తరగతి. మా వాడిది ఆ నడిమి తరగతి. మా ఇద్దరి రక్తమూ పరీక్షించగా అదే మార్పు తల్లిలోనూ ఉన్నదని తేలింది. ఆమె ఆరోగ్యంగా ఉన్నందున దానినే కారణమని అనలేము, పూర్తిగా కొట్టివేయనూ లేము అన్నారు. “మీ అబ్బాయికి ఉన్నదేమిటో నాకు ఈ రోజు తెలియదు” అని కూడా అన్నారు.

అంతకు మునుపు ‘కావచ్చు’, ‘ఏమో’ అనే మాటలు ఎన్నో విన్నాము గాని ఇంత సూటిగా ‘తెలియదు’ అన్న మాట వినలేదు. వింటూనే కాళ్ళలో సత్తువ పోయింది. కాని ఆమె అక్కడితో ఆపలేదు. ఏ జబ్బులు కావని తేలిందో వరుసగా చెప్పారు. బిగుసుకొనకుండా మడమలకు చేయించవలసిన సాగుడు వ్యాయామాలు నేర్పించారు. ఆరు నెలలకొకసారి చూపించాలన్నారు. జన్యుశాస్త్రం పెరిగేకొద్దీ అదే ఫలితాన్ని ఒకటి రెండేళ్ళకు మళ్ళీ పరిశీలిస్తామన్నారు. బడికి తప్పక పంపమన్నారు. పేరు కోసం ఆగవలసినది వైద్యశాస్త్రమే గాని పిల్లవాడి బాల్యం కాదని మాకు అప్పుడు తెలిసివచ్చింది.

ఆ ఆసుపత్రికి చెందిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆమె కృషి ఫలితంగా 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడింది. నయంచేయడం చేతకానప్పుడు కూడా వైద్యం చేయవలసినది ఎంతో ఉంటుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇటువంటి స్థితిలో ఉన్న మన సహోద్యోగులకు రెండు మాటలు. పాత కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకొనండి. పిల్లల నడకను, లేచే తీరును ఫోనులో చిత్రించి ఉంచుకొనండి. ఏది కాదని తేలింది, ఇప్పుడు ఏమి చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అని తప్పక అడగండి. ప్రతిసారీ దూరప్రయాణమే చేయనక్కరలేదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఎదుగుదల లోపాలను గుర్తించి సాయపడే జిల్లా కేంద్రాలున్నాయి. అరుదైన వ్యాధుల కోసం 2021 జాతీయ విధానం క్రింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాదులోని నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కూడా ఉన్నాయి.

మా అబ్బాయి ఇప్పుడు రెండవ తరగతి చదువుతున్నాడు. ఇంకా పడుతూనే ఉంటాడు, లేస్తూనే ఉంటాడు. సాయంత్రం వ్యాయామం మా ఇంట దీపం పెట్టినంత నియమంగా సాగుతున్నది. బంధువులు అడిగితే “ఇంకా తెలియదు, చూపిస్తున్నాము” అని తడుముకొనకుండా చెబుతున్నాము. వచ్చే నెలలో మళ్ళీ రాయవేలూరు ప్రయాణం. టికెట్లు తీశాము. ఉడుతలకు వేయడానికి వాడు వేరుశనగ పప్పులు దాచుకొంటున్నాడు.