కాలేజీ టెలిస్కోపు మా గూడేనికి పోయినప్పుడు

పోస్టు పొడుగుంటది, తీరిక దొరికినప్పుడే చదవండి. 2024 దీపావళికి ఇంటికి పోయి వచ్చినప్పటి నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటనే ఇంటర్నల్స్ అయ్యేదాకా ఆగినం.

మేం అంటే ముగ్గురం. హాస్టల్‌ల ఒకటే గది. ముగ్గురి ఇండ్లల్ల కూడా మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్లు లేరు. మా ఫిజిక్స్ ల్యాబ్‌ల బీరువా మీద ఒక అట్టపెట్టె ఉండేది. అందులో ఏముందో అడగాలని మొదటి ఏడు అనుకున్నం, రెండో ఏడు అనుకున్నం, మూడో ఏడు అడిగినం. టెలిస్కోపు. దాని పక్కన గుడ్డ సంచిల ఇంకో చిన్న డబ్బా, గుప్పిట్ల పట్టేంత. అది చుక్కలను ఫొటో తీసే కెమెరా అట. సార్ దుమ్ము తుడిచి, "రాత్రిళ్లు దీనితో కూర్చునే తీరిక నాకు దొరకలేదురా, సెలవులకు మీరు తీసుకుపోతరా?" అన్నరు. మేం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. రిజిస్టర్‌ల ముగ్గురితోనూ సంతకం పెట్టించిండ్రు. బిల్లు చూస్తే రెండూ కలిపి 38,000 రూపాయలు. 2024ల సర్కారు మద్దతు ధర క్వింటాలుకు 7,521 ఉండె, ఆ లెక్కన, ఐదు క్వింటాళ్ల పత్తి. సంతకం పెట్టేటప్పుడు మా తలల్ల తిరిగింది ఈ లెక్కనే.

టెలిస్కోపు పెద్దదేం కాదు. ముందు అద్దం 80 మిల్లీమీటర్లు, దాని ఫోకల్ దూరం 400 మిల్లీమీటర్లు. చంకల పెట్టుకొని నడవొచ్చు. కెమెరా లోపల ఉండే చిప్పు 5 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేదు, కందిపప్పు బద్దంత. కంటితో చూసే కటకం తీసి దాని జాగల కెమెరా పెట్టాలె, వైరు ల్యాప్‌టాప్‌కు గుచ్చాలె, బొమ్మ తెర మీద వస్తది. వినడానికి గింతే.

ఇంటికి పోయేముందు హాస్టల్ డాబా మీద పెట్టి చూద్దామనుకున్నం. వార్డెన్ సార్‌ను బతిమిలాడి తాళంచెవి తీసుకున్నం. సంగతి ఎట్లా తెలిసిందో, జూనియర్లు ఇరవై మంది దుప్పట్లు కప్పుకొని పైకి ఎక్కిండ్రు. ఫోన్‌ల చూసిన వీడియోలల్ల అందరూ కెమెరాను గొట్టానికి తిన్నగా పెట్టిండ్రు. మేమూ అట్లనే, వెనక ఉన్న మూల అద్దం, దాన్ని డయాగనల్ అంటరు, ఊడదీసి పక్కన పెట్టి కెమెరా దూర్చినం. తెర మీద బూడిద రంగు. ఫోకస్ తిప్పే మర ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పినం. అదే బూడిద. శని గ్రహం దిక్కు తిప్పితే ఒక తెల్లటి చక్రం, పళ్లెమంత, నడిమిట్ల ఏమీ లేదు. రెండు గంటలు గడిచినయ్. జూనియర్లు ఒక్కొక్కరే దిగిపోయిండ్రు. ఆఖరుకు మిగిలిన పిల్లగాడు, "అన్నా, ఖరాబైందా?" అని అడిగిండు. వాడు మామూలుగానే అడిగిండు గానీ మాకు కడుపుల చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఐదు క్వింటాళ్లు. ముగ్గురం ఆ రాత్రి నిద్రపోలేదు. ఎవరు ముందు ముట్టుకున్నరు, ఎవరు గట్టిగ తిప్పిండ్రు అని ఒకరి మీద ఒకరం పెట్టుకున్నం కూడా. అది రాయకుంటే అబద్ధమైతది.

తెల్లారి మళ్లీ ఎక్కినం, దూరంగ సెల్ టవర్ ఉంటే దాని కొస మీద గురి పెట్టినం. ఊరికే పనిచేస్తదో లేదో చూద్దామని డయాగనల్ మళ్లీ పెట్టి, దాని మీద కెమెరా పెట్టినం. మర కొంచెం తిప్పంగనే టవర్ కడ్డీలు, బోల్టులు సహా, తెర మీదికి వచ్చినయ్! అప్పుడు అర్థమైంది. ఈ గొట్టాన్ని తయారు చేసినోళ్లు డయాగనల్ ఉంటదని లెక్క వేసుకొనే పొడుగు కోసిండ్రు. వెలుతురు దాని లోపల ఏడెనిమిది సెంటీమీటర్లు నడుస్తది. అది తీసేస్తే కెమెరా అంత ముందుకు వచ్చేస్తది, మర ఎంత బయటికి తిప్పినా ఆ దూరం అందదు. అది తీసి పెట్టాలంటే మధ్యల పొడుగు గొట్టం ఒకటి కావాలె, మా పెట్టెల అది లేదు. ఖరాబు కాలేదు. ఫోకస్ కుదిరిన కాడ గొట్టం మీద పెన్సిల్‌తో గీత గీసినం. గురి చూసే ఎర్రచుక్క అద్దాన్ని కూడా అదే టవర్ మీద సరి చేసినం. మీలో ఎవరికైనా ఇట్లాంటి పెట్టె దొరికితే ఈ రెండు పనులు పగటిపూటనే చేసుకోండి. రాత్రి చీకట్ల, పదిమంది ముందర చేసే పనులు కావవి. ఇంకొకటి, పొద్దు ఉన్నంత సేపు మూత తియ్యకండి. దాంతో సూర్యుణ్ని చూస్తే కన్ను పోతది, కెమెరా పోతది.

బస్సుల పెట్టె వంతులేసుకొని ఒళ్లో పెట్టుకున్నం. మా గూడెం ఇంద్రవెల్లి దిక్కు. పోయేసరికి దండారి నడుస్తుంది. ఆ రోజులల్ల టెలిస్కోపు ఎవరు విప్పుతరు? గుస్సాడీలు, చుట్టాలు, రాత్రంతా ఆట. దండారి ముగిసి గుమేల, పర్ర మళ్లీ గూటికి ఎక్కినంక గూడెం చప్పుడు లేకుండ అయింది. అందరూ పత్తి ఏరడానికి పోతున్నరు. మేమూ పగలు ఏరినం. పొద్దుమూకి పెట్టె విప్పుతుంటే ఒక బాబాయి వచ్చి, "చుక్కలు చూస్తే కానిస్టేబుల్ నౌకరి వస్తదారా?" అన్నడు. మేం నవ్వినం గానీ జవాబు చెప్పలేదు. ఆయన కొడుకు రెండుసార్లు రాసి రాలేదు, ఆయన బాధ ఆయనది.

అమావాస్య దాటి నాలుగో రోజు. పడమటి దిక్కు, కొంచెం దక్షిణానికి నెలవంక. దాని కింద కొంచెం కుడికి సాయంత్రం చుక్క. వాకిట్ల మంచం పక్కన మూడు కాళ్ల స్టాండు పెట్టినం, ఇంట్ల నుంచి వైరు గుంజి ల్యాప్‌టాప్‌కు పెట్టినం. చేయి చాచి చిటికెన వేలు అడ్డం పెడితే ఆకాశంల ఒక డిగ్రీ అంత మూసుకుంటది. మా కెమెరాకు కనిపించేది అందుల ముప్పావు కూడా కాదు. నెల సగం డిగ్రీ. తెరలకు రావాలంటే గురి వెంట్రుకంత కూడా తప్పొద్దు. వచ్చినంక ఆగదు కూడా. భూమి తిరుగుతుంటది గదా, రెండు నిమిషాలల్ల నెల తన వెడల్పంత జరుగుతది. మా స్టాండుకు మోటారు లేదు. ఒకరు గొట్టం దగ్గర, ఒకరు తెర దగ్గర, "ఎడమకు, ఎడమకు, ఆగు, కొంచెం మీదికి" అని ఒర్రుడే. మొదలు తెర మొత్తం తెల్లగ అయింది. ఎక్స్‌పోజర్ తగ్గించి తగ్గించి నాలుగు మిల్లీసెకన్లకు తెచ్చేసరికి గుంతలు, గట్లు, ఒక్కొక్క గుంత అంచు మీద ఎండ, అన్నీ కండ్లముందుకు వచ్చినయ్.

ఇగ తాత సంగతి. మాలో ఒకడికి సొంత తాత, ముగ్గురికీ తాతనే. వయసుల ఉన్నప్పుడు జొన్నచేనుకు కావలి మంచె మీద పండుకునేటోడు, అడివిపందులను కొట్టనీకి. గడియారం లేదు. ఏ సుక్కుం ఎక్కడికి ఎక్కితే ఎవరు లేవాలె, ఎప్పుడు మంట ఎగెయ్యాలె, అన్నీ ఆయన లెక్కనే. మాకు చిన్నప్పుడు వేలు పట్టి చూపించింది ఆయనే. ఇప్పుడు రెండు కండ్లల్ల పొరలు. మనిషిని గొంతును బట్టి గుర్తుపడతడు. ఆపరేషన్ అంటే, "ఉన్న వెలుగు కూడా పోతే?" అంటడు.

ముందు కటకం పెట్టి చూపించినం. కన్ను ఆనించి చాలా సేపు చూసి, "వెలుగైతే ఉంది, ఆకారం లేదు" అన్నడు. అది తెలిసిందే. అప్పుడు కెమెరా మళ్లీ పెట్టి, ల్యాప్‌టాప్ ఎత్తి ఆయన మొకం ముందర జానెడు దూరంల పట్టినం. తెర నిండా నెల. తాత తల అటు ఇటు తిప్పిండు. చేతివేలుతో తెర మీద వంక వెంబడి రాసుకుంట పోయిండు. తెర మీద వేలిముద్ర పడ్డది, ఎవరం ఏమనలేదు. కొంచెం సేపటికి గోండిల అన్నది ఇక్కడ తెలుగుల రాస్తున్నం:

"ఇది ఇయ్యాల్టి నెల కాదురా."

లైవ్ తాతా, ఇప్పుడే, గొట్టంల నుంచే వస్తుంది అన్నం. 

"కాదు. పొద్దు ఎక్కడ మునిగింది?" మేం చెయ్యి చూపించినం, నెలకు కుడి దిక్కు, కింద. "నెలకు వెలుగు ఏ దిక్కు ఉండాలె? పొద్దు దిక్కే గదా. గిది ఎడమకు తిరిగి ఉంది. గిది తెల్లారగట్ల కనిపించే అరిగిపోయే నెల. పాత బొమ్మ పెట్టి నన్ను నమ్మిస్తున్నరా?"

ముగ్గురం ఒకేసారి తలెత్తి చూసినం. ఆకాశంల వంక కుడికి వంగి ఉంది. తెర మీద ఎడమకు. గంట సేపటి నుంచి దాన్నే చూస్తున్నం, మాకు కనపడలే. 

కారణం ఆ డయాగనలే. దాంట్ల ఒక్క అద్దం ఉంటది. ఒక్క అద్దంల పడ్డ బొమ్మ కుడి ఎడమలు మారుతది, అంబులెన్స్ ముందర పేరు తిరగేసి రాస్తరు చూడండి, ఆ సంగతే. కెమెరాను తిప్పి పైది పైకి, కిందిది కిందికి చేసుకోవచ్చు గానీ ఈ మార్పు తిప్పుడుతో పోదు. పగలు టవర్ మీద చూసినప్పుడు మాకు తెలియకపోవడానికి కారణం, టవర్‌కు కుడి ఎడమ రెండూ ఒక్కతీరే. దాని జాగల ఏదన్నా దుకాణం బోర్డు చూసినా అప్పుడే పట్టుబడేది. మేం ముగ్గురం ఆప్టిక్స్ పేపర్ రాసి పాసైనోళ్లం. ఒక అద్దం, రెండు అద్దాలు, బొమ్మ ఎట్లా మారుతది అని పది మార్కుల ప్రశ్న రాసినం కూడా.

సాఫ్ట్‌వేర్‌ల బొమ్మ తిరగేసే గుర్తు ఒకటి ఉంటది, అది నొక్కినం. నెల కుడికి తిరిగింది. తాతకు మళ్లీ చూపించినం. "ఆ. ఇది ఇయ్యాల్టిది" అన్నడు. అప్పుడు గానీ గుంతల సంగతి అడగలేదు. అవన్నీ రాళ్లు వచ్చి గుద్దిన గుంతలని చెప్తే, "ఇప్పుడు కూడా గుద్దుతున్నయా?" అన్నడు. గుద్దుతయి, చిన్నయి, అన్నం.

ఆ తర్వాత శనిని పెట్టినం. అది తెర మీద ఇరవై చుక్కల వెడల్పుకు మించి రాదు, మా గొట్టానికి అంతే శక్తి. వలయం ఆ రోజులల్ల మన దిక్కు దాదాపు అంచు పెట్టి ఉండె, 2025 మార్చిల పూర్తిగా అంచుకు వస్తదని అప్పుడు పుస్తకాల లెక్క ఉండె. అందుకే మాకు కనిపించింది సూదికి గుచ్చిన పూస. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూసి పోయిండ్రు. నౌకరి అడిగిన బాబాయి కూడా చూసి, ఏమీ అనకుండ బీడీ ముట్టించుకున్నడు.

రాత్రి పదకొండు దాటినంక పత్తి ఏరిన చేన్లకు పోయినం. వాకిట్ల ఎల్ఈడీ దీపం ఉంది, అక్కడ పనికాదు. తాత కూడా వస్తనన్నడు. వద్దంటే వినలే. చెయ్యి పట్టి తీసుకపోయి గట్టు మీద గొంగడి వేసి కూర్చోబెట్టినం. ల్యాప్‌టాప్ బ్యాటరీ 60 శాతం. తెలుగోళ్లు గొల్లకావడి అనే మూడు చుక్కలు తూర్పున నిలబడ్డయి. వాటి పక్కన కత్తి తీరు వేలాడే చిన్న చుక్కలు, వాటి నడిమిట్ల మసక. దాన్ని ఓరియన్ నెబ్యులా అంటరు, 1,300 కాంతి సంవత్సరాలకు పైగా దూరం, కొత్త చుక్కలు పుట్టే జాగ. మోటారు లేని స్టాండు మీద ఎక్కువ సేపు ఫొటో తీస్తే చుక్కలు గీతలైతయి. అందుకే పావు సెకనుకు ఒకటి చొప్పున తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాలె. చుక్కలు జరిగిన కొద్దీ సాఫ్ట్‌వేరే జరిపి కూడుతది. మొదటి బొమ్మల ఏం లేదు, నల్లగ, ఇసుక చల్లినట్టు. యాభై కూడినంక ఒక మరక. రెండు వందలకు రెక్క. నాలుగు వందలకు, అంటే నిమిషంన్నర దాటినంక, గులాబీ రంగు పొగ రెండు దిక్కులా విచ్చుకుంది. మేం ముగ్గురం నోరు మూసుకున్నం, ఊపిరి తగిలితే స్టాండు కదులుతదన్నట్టు.

మంచు దిగుతుంది. ముందు అద్దం మీద పొర పట్టకుండ రికార్డు బుక్కు నల్ల అట్ట గొట్టంలా చుట్టి కట్టినం. కొంత ఆగింది గానీ బ్యాటరీ ఆగలేదు, 9 శాతం. ఆరిపోయేలోపు తాత ముందర పట్టినం. ఈసారి ఎక్కువ సేపు చూడలేదు.

"మంచె మీద ఉన్నప్పుడు ఆ మూడింటి పక్కన మంచు పట్టినట్టు ఉండేది. నా కండ్లల్లనే ఏదో ఉందనుకునేటోణ్ని, తుడుచుకునేటోణ్ని" అన్నడు. "అయితే అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండె."

ల్యాప్‌టాప్ ఆరిపోయింది. చీకట్ల గొంగడి దులిపి ఇంటికి వచ్చినం.

పెట్టె సోమవారం అప్పజెప్పినం. సార్ స్క్రూలు లెక్కపెట్టి, రిజిస్టర్‌ల మా సంతకాల ముందర టిక్కు కొట్టిండ్రు. ఫొటోలు చూసి, మొదటి నెల బొమ్మ ఎడమకు, రెండోది కుడికి ఎందుకుందని అడిగిండ్రు. చెప్పినం. ఆయన కొంచెం సేపు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, "నేను కూడా చూసుకోకపోదునేమో" అన్నరు. సంక్రాంతికి మళ్లీ ఇయ్యమని అడిగినం. చూద్దామన్నరు, ఆ పొడుగు గొట్టం ధర ఎంతో కనుక్కోమన్నరు. కనుక్కుంటున్నం, ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. తాతను కంటి డాక్టరుకు చూపించాలె. ఒప్పుకున్నడు గానీ, పత్తి మొత్తం ఏరినంకనే వస్తనంటున్నడు.