వండర్‌లాకు పోయే ముందు ఒక లెక్క

యాలాల నుంచి రావిర్యాలలోని వండర్‌లా వినోద పార్కుకు పిల్లలతో పోవాలంటే అందరం ముందు టికెట్ ధరే చూస్తాం. కానీ ఖర్చును పెంచేది మనం ఎంచుకునే రోజు, మాట్లాడుకునే కారు. శని, ఆదివారాల కంటే మామూలు రోజుల్లో టికెట్ తక్కువ. రద్దీ కూడా తక్కువే కాబట్టి అదే డబ్బుకు ఎక్కువ రైడ్లు ఎక్కొచ్చు. ఇక కారుకు బదులు బస్సులో పోదామంటే, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ప్రభుత్వ మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లుంటే సగం ఛార్జీ మిగిలినట్టే.

పిల్లలతో బస్సులు మారడం కష్టం కదా అంటారు. నిజమే. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే కారే మేలు. అప్పుడు రెండు కుటుంబాలు కలిసి ఒకే పెద్ద బండి మాట్లాడుకుంటే ఆ కిరాయిని సగం సగం పంచుకోవచ్చు. బయటి తిండి లోపలికి రానివ్వరు గనుక గేటు దాటకముందే కడుపునిండా తినిపించండి. ముందుగా ఏ రోజు పోవాలో ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే టికెట్ కొనండి.