మొసెల్ లోయలో హైదరాబాద్ బాంబర్

ఫ్రాన్సు తూర్పు అంచున వోజ్ కొండల్లో బుస్సాంగ్ కనుమ దగ్గర పుట్టే మొసెల్ నది, సుమారు 545 కిలోమీటర్లు ప్రవహించి జర్మనీలోని కోబ్లెంజ్ వద్ద రైన్‌లో కలుస్తుంది. ఎపినాల్ దాటాక ఈ నది ఒడ్డున షార్మ్ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడికి దగ్గరలోని బెట్టోంకూర్ మైదానానికి, మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918 సెప్టెంబరు తొలినాళ్ళలో చేరుకున్న బ్రిటిష్ బాంబర్ల మీద, అవి హైదరాబాద్ నిజాం బహూకరించినవని రాసి ఉండేది.

ఆ విమానాలు బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌వి. స్క్వాడ్రన్ అంటే ఒకే అధికారి కింద పనిచేసే విమానాల, సిబ్బంది పటాలం. వాటి ఖర్చు భరించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గౌరవార్థం ఆ పటాలానికి హైదరాబాద్ పేరు పెట్టారు. హైదరాబాద్ సంస్థానపు రాబడిలో పెద్ద భాగం భూమిశిస్తు. ఉత్తరాన గోదావరికీ దక్షిణాన మానేరుకూ నడుమ ఉన్న కథలాపూర్, కోరుట్ల పల్లెలూ, మానేటి ఒడ్డు సిరిసిల్లా ఆనాడు ఆ సంస్థానంలోనివే కాబట్టి, ఈ కానుకను రాజు ఔదార్యంగా మాత్రమే లెక్కించడం చరిత్రను సగమే చదవడమవుతుంది.

డి.హెచ్.9ఎ అనే ఆ బాంబర్ కర్రచట్రానికి గుడ్డ కప్పి, 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజన్ బిగించిన రెండు జతల రెక్కల విమానం. అందులో ముందు నడిపేవాడు, వెనక మరతుపాకి పట్టిన పరిశీలకుడు, ఈ ఇద్దరే ఉంటారు. 1918 జూన్‌లో బ్రిటిష్ వైమానిక సేనాని ట్రెంచార్డ్ నాయకత్వాన ఏర్పడిన 'ఇండిపెండెంట్ ఫోర్స్', అంటే పదాతి దళాల అవసరాలకు కట్టుబడకుండా జర్మనీ కర్మాగారాలను, రైలు కూడళ్ళను నేరుగా కొట్టే దళం, ఈ స్క్వాడ్రన్‌ను తనలో చేర్చుకుంది.

తూల్ దగ్గర మలుపు తిరిగి, నాన్సీకి దిగువన మెర్త్ ఉపనదిని కలుపుకున్న మొసెల్ పాంతా-మూసాన్ వద్ద యుద్ధరేఖను తాకేది. అక్కడినుంచి దిగువకు, 1871 నుంచి జర్మన్ ఏలుబడిలో ఉన్న మెట్స్, ఇనుప ఖనిజపు సీమ మధ్యనున్న థియోన్‌విల్, రోమన్ల కాలపు ట్రియర్ వరుసగా వస్తాయి. రక్షణకు వెంట ఫైటర్లు లేకుండా, పట్టపగలు, గుంపుగా ఎగిరి శత్రుభూమి లోపలికి చొచ్చుకుపోవడం ఈ స్క్వాడ్రన్ పద్ధతి. ధైర్యానికి లోటు లేదు, వ్యూహానికే లోటు. యుద్ధం ముగిసేలోగా శత్రువు చేతిలో 17, ప్రమాదాల్లో 28 విమానాలు పోయాయి.

వాటిలో ఎఫ్1010 అనే సంఖ్య గలది 1918 అక్టోబరు 5 నాటి దాడినుంచి తిరిగి రాలేదు. కెప్టెన్ ఇంగ్లిస్, పరిశీలకుడు సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ శత్రుభూమిలో దిగి ప్రాణాలతో బయటపడి, యుద్ధఖైదీలయ్యారు. అయిదు వారాలకే యుద్ధం ముగిసింది.

విమానం ప్రయాణం మాత్రం ముగియలేదు. జర్మన్లు దానిని యుద్ధపు కొల్లగా దాచి, తరువాత బెర్లిన్ వైమానిక ప్రదర్శనశాలలో నిలిపారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆ నగరం మీద బాంబులు పడినప్పుడు, ఒకప్పుడు తానే జర్మనీ మీద బాంబులు వేసిన ఈ విమానాన్ని తూర్పుకు తరలించారు. అలా అది పోలండ్‌కు చేరి, క్రాకోవ్ మ్యూజియం సొత్తయింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని బదులిచ్చి బ్రిటన్ దానిని తిరిగి తెచ్చుకుని బాగుచేయించింది.

ఎఫ్1010 ఇప్పుడు లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకు చెందినది. ఆ ఊరు వెళ్ళే తెలుగువారు దాని మీది నిజాం పేరు చదివినప్పుడు, ఆ పేరు వెనకనున్న శిస్తునూ రైతునూ తలుచుకోవాలి.