నిగ్రహం నుండి అనుగ్రహానికి: ఒక పిడికిలి నేర్చిన పాఠం

కర్మేంద్రియాలు అయిదింటిలో పాణి ఒకటి. వస్తువును గ్రహించడం దాని ధర్మమనీ, ఇంద్రుడు దానికి అధిదేవత అనీ వేదాంత ప్రకరణ గ్రంథాలు చెబుతాయి. ఇంద్రియ నిగ్రహం అనగానే నేత్రమూ జిహ్వా స్ఫురిస్తాయి గాని, హస్తం ఎవరికీ స్ఫురించదు. సికింద్రాబాదులో నివసించే ఒక సాధకునికి మాత్రం నిగ్రహతత్త్వం హస్తం ద్వారానే బోధపడింది.

ఆయన ఒక సామాన్య ఉద్యోగి. చేపట్టిన సంకల్పం ఏదీ నిలవడం లేదన్న ఖేదం ఆయనను నలభైయవ ఏట పట్టి పీడించింది. ప్రాతఃకాల జపం పది దినాలకు ఆగిపోయేది. ఏకాదశీ వ్రతం మూడు మాసాలకు సడలిపోయేది. చంచలమైన మనస్సును నేరుగా పట్టలేనివాడు స్థూలదేహంతో ఆరంభించాలని తలచి, ఆయన పిడికిలి వ్యాయామాన్ని స్వీకరించారు.

దానికి కావలసిన సాధనం గ్రిప్పర్. రెండు పిడులు, వాటిని కలిపే ఒక ఉక్కు స్ప్రింగు, అంతే. పిడులు రెండూ ఒకదానినొకటి తాకేవరకు పిడికిట బిగించాలి. అమెరికాలోని ఐరన్‌మైండ్ సంస్థ తయారుచేసే 'కెప్టెన్స్ ఆఫ్ క్రష్' గ్రిప్పర్లలో మొదటి సంఖ్య గలదానికి 140 పౌండ్లు, రెండవదానికి 195, మూడవదానికి 280 పౌండ్ల బలం అవసరమని నిర్ణయించారు. 280 పౌండ్లంటే దాదాపు 127 కిలోలు. ఆయనను ఆకర్షించినది ఆ భారం కాదు, అందులోని సత్యం. జపం చేస్తూ మనస్సును ఎటో తిరగనిచ్చి, చేశానని చెప్పుకోవచ్చు. ఇక్కడ అటువంటి ఆత్మవంచనకు తావు లేదు. పిడులు తాకుతాయి, లేదా తాకవు.

నాలుగు గంటలకు మేల్కొనడం, గ్రిప్పర్ బిగించడం, ఇనుప పలకలను వ్రేళ్ల కొనలతో పట్టి నిలపడం, నిండు బకెట్లు రెండు చేతులా మోస్తూ డాబాపై నడవడం, పిమ్మట స్నానం, జపం. ఈ నియమం ఒక్క దినమైనా తప్పలేదు. ఉక్కు గొలుసులను త్రెంచిన కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు ఆయనకు ఆదర్శం. వీరఘట్టంలో జన్మించిన ఆ మల్లయోధుడు ప్రాణాయామాన్ని బలానికి మూలంగా భావించాడని విన్నప్పటినుండి ఆయన దీక్ష ద్విగుణమైంది. ఎనిమిది మాసాలలో మొదటి సంఖ్య లొంగింది. జపమూ నిలిచింది.

కాని, నియమంతో పాటు మరొకటి కూడా బలపడింది. ఆలస్యంగా లేచే కుమారుని చూస్తే ఆయనకు తిరస్కారం కలిగేది. రాత్రి ప్రయాణం వల్ల ఒకనాడు అభ్యాసం సగమే జరిగితే, తనకు తానే శిక్షగా ఆనాడు భోజనం మానుకున్నారు. దంభాహంకారాలతో దేహాన్ని కర్శింపజేసే ఘోరతపస్సును గీతాచార్యుడు ఆసురమన్నాడని ఆయనకు తెలుసు. ఆ మాట తనకు వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

మొదట దేహమే హెచ్చరించింది. మోచేతి వెలుపలి వైపు మొదలైన నొప్పి, జపమాల త్రిప్పడం కూడా దుష్కరమయ్యేంతగా పెరిగింది. ఫిజియోథెరపిస్టు వివరించిన విషయం ఆయనకు నూతనం. వ్రేళ్లను ముడిచే ప్రధాన కండరాలు వ్రేళ్లలో లేవు. అవి ముంజేతిలో ఉండి, మణికట్టు గుండా సాగే స్నాయువుల ద్వారా వ్రేళ్లను లాగుతాయి. పిడికిలి బిగించినప్పుడల్లా ముంజేతి వెనుక ఉన్న కండరాలు మణికట్టును నిలకడగా పట్టి ఉంచాలి. వ్రేళ్లను విప్పేవి, మణికట్టును వెనుకకు ఎత్తేవి ఆ వైపు కండరాలే. బిగించడం ఒక్కటే సాధన చేసి, విప్పడాన్ని ఉపేక్షించినందువల్ల ఆ భాగం అలసి గాయపడింది. చికిత్స అతి సులభం: అయిదు వ్రేళ్ల చుట్టూ ఒక రబ్బరు బ్యాండు తగిలించి, చేతిని మెల్లగా విప్పడం. ఆయనకు అది అవమానంగా తోచింది.

అది ఆషాఢం. లష్కర్ బోనాల ఆదివారం తల్లిని ఉజ్జయినీ మహంకాళి ఆలయానికి తీసుకువెళ్లారు. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య, 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో మ్రొక్కుకుని, 1815లో తిరిగి వచ్చి ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడు. బరువు మోయడమూ, చేరవలసిన చోట దించడమూ రెండూ ఆయన వృత్తిధర్మాలే. జనసమ్మర్దంలో తల్లి తప్పిపోతుందేమోనన్న భయంతో సాధకుడు ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నారు. కొంత దూరం ఆమె ఓర్చుకుంది. తరువాత, "జర మెల్లగ పట్టు బిడ్డా, నేనేడికి పోత?" అన్నది.

ఆయన చేయి వదిలి చూస్తే, డెబ్బది యేండ్ల ఆ మణికట్టుపై నాలుగు వ్రేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. బిగించేటప్పుడు ఎంత బిగిస్తున్నదీ ఆయనకు తెలియనే లేదు. తన చేతిపై తనకే వశం లేదు. మరి ఇన్ని మాసాలు తాను సాధించిన నిగ్రహం ఏది?

జిజ్ఞాసువులు గమనించదగిన విశేషం ఒకటి ఉంది. నిగ్రహం, ఆగ్రహం, పరిగ్రహం, అనుగ్రహం అన్నీ 'గ్రహ్' ధాతువు నుండి పుట్టిన పదాలే. పట్టుకోవడం ఒక్కటే, ఉపసర్గ మారితే గతి మారుతుంది. కఠోపనిషత్తు మనస్సును పోల్చిన పగ్గానికి పేరు కూడా ప్రగ్రహమే. పగ్గాన్ని వదిలివేసినా, బిగించి అశ్వాల నోరు కోసినా రథం గమ్యం చేరదు. అందుకే శాస్త్రం అభ్యాసాన్ని ఒంటరిగా చెప్పదు, వైరాగ్యాన్ని జతచేస్తుంది. అభ్యాసం బిగించే కండరమైతే వైరాగ్యం విప్పే కండరం. శ్రీవైష్ణవాచార్యులు చెప్పిన మర్కట, మార్జాల కిశోర న్యాయాలలో కోతిపిల్ల తల్లిని పట్టుకుంటుంది. పిల్లికూనను తల్లే పట్టుకుంటుంది. ఆ ఆలయ వీథిలో ఎవరు ఎవరిని పట్టుకున్నారో ఆయనకు సందేహం కలిగింది.

ఆ రాత్రి ఆయనకు రామమూర్తి నాయుని జీవితపు ఉత్తరభాగం గుర్తుకువచ్చింది. గొలుసులు త్రెంచిన ఆ వీరునికి చివరి దశలో కాలు తొలగించవలసి వచ్చిందనీ, మత్తుమందు లేకుండానే ప్రాణాయామంతో ఆ బాధను సహించాడనీ ప్రసిద్ధి. 1942లో ఆయన దేహం చాలించాడు. త్రెంచగల బలాన్ని మాత్రమే ఇంతకాలం ఆరాధించిన సాధకునికి, కోల్పోవడాన్ని ఓర్చుకున్న బలం అప్పుడు కనిపించింది.

నాలుగు గంటల మేల్కొలుపు నేటికీ ఆగలేదు. రెండవ సంఖ్య గ్రిప్పర్ ఇంకా లొంగలేదు. అయితే ఎన్నిసార్లు బిగిస్తారో అన్నిసార్లు రబ్బరు బ్యాండుతో చేతిని విప్పుతారు. తల్లికి జ్వరం వచ్చిన నాడు అభ్యాసం ఆగితే శిక్ష విధించుకోరు. ఆమె ప్రక్కన కూర్చుంటారు. జపాంతంలో ఫలసమర్పణకై నీరు విడిచేటప్పుడు మాత్రం ఆయన ఒక్క క్షణం ఆగి తన చేతిని చూసుకుంటారు. ముడిచిన పిడికిట నీరు నిలవదు, ముడిచిన పిడికిలితో సమర్పణా జరగదు.

శ్రీకృష్ణార్పణమస్తు.