ఖాళీ దొడ్డి బొమ్మ

1996లో మా కర్నూలు జిల్లాకు డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) వచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదటి విడత ఎంపికైనవి ఐదు జిల్లాలు: విజయనగరం, నెల్లూరు, కరీంనగర్, వరంగల్, మాది. బోధనోపకరణాలకని టీచరుకు ఏటా 500 రూపాయలు ఇచ్చేవారు. చాలామంది ఆ డబ్బుతో గోడకు తగిలించే చార్టులు కొన్నారు. నేను డ్రాయింగ్ షీట్లు, నీటి రంగులు, రెండు కుంచెలు తెచ్చుకున్నాను. అప్పుడు నాది ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల వైపు ఉన్న ఒక పల్లె బడి. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో. పిల్లలు ఒకటి నుంచి యాభై దాకా పాటలా అప్పజెప్పేవారు. పలక మీద ఏడు చుక్కలు పెట్టి ఎన్నని అడిగితే మాత్రం వేలు నాలుగో చుక్క దగ్గర ఉండగానే నోరు ఏడు దాటిపోయేది.

నేను గీసిన మొదటి కథ ఒక గొర్రెల కాపరిది. పొద్దున దొడ్డిలోంచి ఒక్కో గొర్రె బయటికి వస్తుంటే కాపరి ఒక్కో గులకరాయి సంచిలో వేసుకుంటాడు. సాయంత్రం ఒక్కో గొర్రె లోపలికి పోతుంటే ఒక్కో రాయి తీసి కింద వేస్తాడు. గొర్రెలన్నీ అయిపోయాయి, సంచిలో రెండు రాళ్లు మిగిలాయి. బొమ్మల్లో ఎక్కడా అంకె రాయలేదు. రాళ్లెందుకు మిగిలాయో పిల్లలే చెప్పాలి.

తండ్రి వెంట మేపుకు పోయే ఒక పిల్లవాడు మధ్యలోనే లేచాడు. “మా నాయన రాళ్లేరుకోడు సార్. మొగాలు చూస్తాడు.”

“మొగం చూస్తే ఎట్ల తెలుస్తాది రా?”

“చెవి తెగింది ఒకటుండాది, బొల్లి మొగంది ఒకటుండాది, కుంటిది ఒకటుండాది. ఏది రాకున్నా తెలిసిపోతాది.”

మరుసటి రోజు నా గొర్రెలకు రంగులు మారాయి. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి, కొన్నింటికి కొమ్ములు. నల్లవన్నీ ఒక పక్క, కొమ్ములవన్నీ ఒక పక్క పెట్టమన్నాను. నల్లగా ఉండి కొమ్ములు కూడా ఉన్న గొర్రెను ఎటు పెట్టాలని మొదలైన తగువు బడి గంట కొట్టేదాకా తెగలేదు. ఆ వయసు పిల్లలు అంతసేపు ఒక లెక్క మీద నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కథలోనే గొర్రెలన్నీ మేతకు పోయాక ఖాళీ దొడ్డి బొమ్మ ఒకటి ఉంది. గుండ్రంగా ముళ్లకంప, లోపల ఏమీ లేదు.

“ఎన్నుండాయి?”

“ఏం లేవు సార్.”

“ఏం లేవని పలక మీద ఎట్ల రాస్తారు?”

ఒకడు ఉత్త పలక ఎత్తి చూపించాడు. ఇంకొకడు గొర్రెను గీసి కొట్టేశాడు. వెనక కూర్చున్న ఒక పిల్ల బొమ్మలో ఉన్నట్టే గుండ్రంగా కంప గీసి ఊరుకుంది. పక్కవాడు తొంగి చూసి “సున్నా!” అన్నాడు. అని ఆగలేదు, ఆ కంప పక్కన నిలువు గీత గీసి “పది” అని కూడా చదివాడు.

బొమ్మల కథ మీద నా నమ్మకం ఆ పలకతో గట్టిపడింది. విడి బొమ్మ ఎన్ని ఉన్నాయో చూపించగలదు. ఉన్నవి పోవడం, పోయినవి రావడం, రెండు తక్కువ పడటం చూపించాలంటే ముందొకటి, వెనకొకటి బొమ్మలుండాలి. కూడిక, తీసివేత అంటే ఆ రెండు బొమ్మల నడుమ జరిగినదే కదా. సున్నా అయితే మరీను. ఇందాక ఉన్నది ఇప్పుడు లేకపోతే తప్ప అది పిల్లల కంటికి ఆనదు.

ఆ కార్డులు పట్టుకుని నంద్యాలలో బోధనోపకరణాల మేళాకు పోయాను. అక్కడ పట్టణంలో పనిచేసే ఒక టీచరమ్మ పాత క్యాలెండర్ల వెనక నవనందుల యాత్ర గీసుకొచ్చారు. కార్తీకంలో తొమ్మిది నందులనూ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపు చూస్తే పుణ్యమని మా వైపు నమ్మకం. ఆమె కథలో ఒక అవ్వ, మనవడు తొమ్మిది ప్రమిదలు బుట్టలో పెట్టుకుని బయల్దేరతారు. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది ఊళ్లోనే ఉన్నాయి. ఆ మూడూ అయ్యేసరికి బుట్టలో ఆరే. ఇంకొకటి దాటితే నాలుగు వెలిగినవి, ఐదు వెలగాల్సినవి. ఏ పేజీ తిప్పినా రెండూ కలిపితే తొమ్మిదే. ఆ మాట ఆమె పిల్లలకు చెప్పలేదట, వాళ్లే పట్టుకున్నారట. ఆ తరగతిలో ముస్లిం పిల్లలు కూడా చాలామందే. వాళ్లలో మహానంది దారిలో ఆటో తోలే ఆయన కొడుకు, ఏది మొదటిది, ఏది ఐదోది అంటే అందరికన్నా ముందు చెప్పేవాడని ఆమె సంబరంగా చెప్పారు.

తర్వాతెప్పుడో నెదర్లాండ్స్‌లో మార్యా వాన్ డెన్ హ్యూవెల్-పాన్‌హ్యుజెన్ అనే గణిత విద్యావేత్త చేసిన పరిశోధన గురించి చదివాను. టీచరు పాఠమేమీ చెప్పకుండా బొమ్మల పుస్తకం చదివి వినిపించినా చిన్నపిల్లలు వాళ్లంతట వాళ్లే లెక్కల మాటలు మాట్లాడతారని ఆమె బృందం గమనించింది. ఆ టీచరమ్మ చేసింది అదే. పేజీ తిప్పి ఊరుకోవడం. అది చాలా కష్టమైన పని. ‘ఎన్ని?’ అని అడగకుండా ఉండటానికి టీచరు నాలుక కరుచుకోవాలి.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం తెచ్చాక చిన్న తరగతుల లెక్కల మీద శిక్షణలు పెరిగాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. మా కాలంలో కుంచె పట్టుకుని రాత్రంతా కూర్చున్న పని ఇప్పుడు ఫోన్లో నిమిషంలో అవుతుంది. సంతోషమే. అయినా ఊరి కథ ఊళ్లోనే పుట్టాలని నేను కలిసిన ప్రతి కొత్త టీచరుకూ చెబుతూనే ఉన్నాను.

ఆళ్లగడ్డలో శిల్పుల పిల్లలు చదివే ఒక బడిలో ఈమధ్య ఒక కొత్త టీచరు లారీ కథ గీసింది. విగ్రహాలు పొడుగు వారీగా వరసలో నిలబెట్టి ఉన్నాయి. లారీలో ఆరు పట్టాయి, ఏడోది పట్టలేదు. బొమ్మ అక్కడ ఆపేసి పిల్లల వైపు చూసింది. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. చిన్నవి రెండు దించి పెద్దది ఎక్కించాలని ఒకడు, మళ్లీ ఇంకో ట్రిప్పు రావాలని ఒకడు. పెద్ద విగ్రహాన్ని పండబెడితే సరిపోతుందని ఇంకొకడు. వెంటనే ఒక పిల్ల లేచి రెండు చేతులూ బారచాపింది.

“పండబెడితే ఇంగా ఎక్కువ తావు తింటాది టీచర్!”